ఫ్రిట్జ్ మ్యూలర్: ప్రమాణం చెయ్యనని డాక్టర్ పట్టా వదిలేసి బ్రెజిల్ వెళ్ళిపోయిన మనిషి

గోదారిగట్టు
జర్మనీలో గ్రైఫ్స్‌వాల్డ్ అనే ఊళ్ళో ఒక యూనివర్సిటీ. 1849లో అక్కడ ఒక కుర్రాడు వైద్యం చదువు పూర్తి చేశాడు. చేతికి పట్టా రావాలంటే చివర్లో ఒక ప్రమాణం చెయ్యాలి. అందులో "దేవుడూ ఆయన పవిత్ర సువార్తా నాకు తోడుగా" అనే అర్థం వచ్చే మాట ఒకటుంది. నాకు నమ్మకం లేని మాట నేను అననన్నాడు. అనకపోతే పట్టా ఇవ్వమన్నారు. వద్దులెండి అన్నాడు. తండ్రి చూస్తే చర్చి పాస్టరు!

ఆ కుర్రాడే ఫ్రిట్జ్ మ్యూలర్. పుట్టింది 1822లో, ఎర్‌ఫర్ట్ పక్కన ఒక పల్లెలో. అప్పటికే బెర్లిన్‌లో జలగల మీద పరిశోధన చేసి 1844లో డాక్టరేట్ తెచ్చుకున్నాడు. 1848 విప్లవం అణిగిపోయాక అలాంటి బుర్ర ఉన్నవాడికి ప్రష్యాలో ఉద్యోగం దొరికే దారి లేదు. 1852లో భార్యనీ, పసిబిడ్డనీ, తమ్ముడు ఆగస్ట్‌నీ వెంటబెట్టుకుని హాంబర్గ్‌లో ఓడ ఎక్కాడు. దిగింది దక్షిణ బ్రెజిల్‌లో, ఇటజయి నది ఒడ్డున రెండేళ్ళ కిందటే మొదలైన బ్లూమెనౌ అనే వలస ఊళ్ళో. ఆ తర్వాత నలభై అయిదేళ్ళు బతికాడు, మళ్ళీ యూరప్ మొహం చూడలేదు.

ఈయన గురించి మన భాషలో పెద్దగా ఎవరూ రాసినట్టు లేదు. తెలిసినవాళ్ళు కలపండి. ముందు నా ప్రశ్న ఒకటి: ఆ ప్రమాణం విషయంలో చేసింది నిజాయితీ అంటారా, మొండితనం అంటారా?

డల్లాస్ చిన్నోడు
మొండితనమే అన్నా, సందేహం లేదు. నేను ఇక్కడికొచ్చి పద్నాలుగేళ్ళు. ఈ పద్నాలుగేళ్ళలో ఎన్ని ఫారాల మీద సంతకాలు పెట్టానో, ఎన్నిట్లో ఏం రాసుందో నాకే తెలీదు. పెళ్ళాం పిల్లలు ఉన్నవాడు ఒక్క వాక్యం గబగబా చదివేసి బయటికొచ్చేస్తాడు. లోపల ఏమనుకుంటున్నాడో ఎవడికి కావాలి? ఆ ఒక్క వాక్యం అనుంటే ఏదో టౌన్‌లో ఆసుపత్రి పెట్టుకుని, సాయంత్రాలు మైక్రోస్కోపు చూసుకునేవాడు కదా.

ఇంతకీ అక్కడ ఏం చేసి బతికాడు? పీహెచ్‌డీ చూపిస్తే అడవిలో ఎవరైనా జీతం ఇస్తారా?

గోదారిగట్టు
ఎవరూ ఇవ్వలేదు తమ్ముడూ. గొడ్డలి పట్టాడు. చెట్లు కొట్టి, గుడిసె వేసుకుని, సొంతంగా సేద్యం చేశాడు. చెప్పులు కూడా వేసుకోకుండా తిరిగేవాడని పేరు. అలా నాలుగేళ్ళు. 1856లో తీరం మీదున్న డెస్టెర్రో అనే ఊళ్ళో (ఇప్పటి ఫ్లోరియానోపొలిస్) ప్రభుత్వ పాఠశాలలో లెక్కల మాస్టారి ఉద్యోగం దొరికింది. పదకొండేళ్ళు అక్కడున్నాడు. ఆయన జీవితంలో పెద్ద మలుపు అక్కడే. అడవిలో ఉండగా కనపడనిది అక్కడ ఇంటి ముందే ఉంది, సముద్రం.

పీజీ రెండో సంవత్సరం
ఒక చిన్న డౌట్. ముల్లేరియన్ డక్ట్ అని మేం అనాటమీలో చదివాం, ఆ మ్యూలర్ ఈయనేనా? ఆస్ట్రేలియాలో మొక్కలు కనిపెట్టిన మ్యూలర్ కూడా ఈయనేనా? ఒక్క మనిషికి ఇన్ని పనులా అని టెన్షన్ వస్తోంది.

గోదారిగట్టు
కాదమ్మా. జర్మనీలో మ్యూలర్ అంటే మన దగ్గర రావు, రెడ్డి అన్నట్టే. మీ డక్ట్ తాలూకు ఆయన యోహానెస్ మ్యూలర్, బెర్లిన్ ప్రొఫెసరు. మన ఫ్రిట్జ్‌కి పాఠాలు చెప్పిన గురువు. ఆస్ట్రేలియా ఆయన ఫెర్డినాండ్ ఫాన్ మ్యూలర్. ఆయనా వలస వెళ్ళినవాడే, 1847లో. తర్వాత మెల్‌బోర్న్ బొటానికల్ గార్డెన్స్ డైరెక్టర్ అయ్యాడు. యూకలిప్టస్‌ని దేశదేశాల్లో నాటించాలని తిరిగింది ఆయనే, కాబట్టి మన ఊళ్ళ గట్ల మీద తోటలు చూసి తిట్టుకోవాలనుకుంటే ఆయన్ని తిట్టుకోండి. పువ్వులకీ పురుగులకీ ఉన్న సంబంధం మీద పనిచేసిన హెర్మన్ మ్యూలర్ ఇంకొకాయన, ఫ్రిట్జ్‌కి సొంత తమ్ముడు, జర్మనీలోనే ఉండిపోయాడు.

హేచరీ రాజు
నమస్తే అందరికీ. నేను ఎప్పుడూ చదివి వెళ్ళిపోయే బాపతు, ఇవాళ రాయక తప్పలేదు. గోదారిగట్టు గారు సముద్రం దగ్గర ఆపేశారు. ఆ సముద్రంలో ఆయనకి దొరికింది నాప్లీ, అంటే గుడ్డులోంచి అప్పుడే బయటికొచ్చిన రొయ్యపిల్ల!

మాది కాకినాడ దగ్గర రొయ్యల హేచరీ. తల్లి రొయ్య రాత్రి గుడ్లు పెడుతుంది, పన్నెండు నుంచి పదహారు గంటల్లో నాప్లీ దిగుతుంది. గాజు బీకర్‌లో నీళ్ళు తీసి ట్యూబ్‌లైట్‌కి పట్టి చూస్తే దుమ్ము రేణువుల్లా కనిపిస్తాయి, కానీ దుమ్ము ఎగిరెగిరి కదలదు కదా. మైక్రోస్కోప్ కింద పెడితే మూడు జతల కాళ్ళు, మధ్యలో ఒకే ఒక్క కన్ను. రొయ్య పోలికే ఉండదు. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి చూపిస్తే "ఇది మనదేనా సార్?" అని అడుగుతారు. తిండి పెట్టక్కర్లేదు, పొట్టలో ఉన్న సొనతోనే రెండు రోజుల దాకా బతుకుతుంది. వెలుతురంటే ప్రాణం, ట్యాంకు ఒక మూల బల్బు పెడితే మొత్తం అక్కడికి చేరిపోతుంది, అలాగే పడతాం. తర్వాతి దశ జోయా. అప్పట్నుంచి ఆల్గే (నీటి నాచు) పెట్టాలి. ఆ తర్వాతి దశ మైసిస్, ఆ తర్వాత పీఎల్ (పోస్ట్ లార్వా). అప్పుడు గానీ రొయ్య రూపం రాదు, రైతుకి అమ్మం.

ట్రైనింగ్‌లో మా సారు ఒకసారి చెప్పాడు, రొయ్యకి నాప్లీ దశ ఉందని మొట్టమొదట పట్టుకున్నది బ్రెజిల్‌లో ఒక జర్మన్ స్కూలు మాస్టారని. పేరు గుర్తులేదు. ఇవాళ ఈ చర్చలో డెస్టెర్రో అనగానే వెలిగింది.

గోదారిగట్టు
రాజు గారూ, మీరు రాయకపోతే నేను ఈ ముక్కని రెండు వాక్యాల్లో తేల్చేసేవాడిని. దాని వెనక కథ ఇదీ.

జీవజాతులన్నీ పాత మూలం నుంచి మారుతూ వచ్చాయని చెప్పే డార్విన్ పుస్తకం 1859లో వచ్చింది. మాక్స్ షుల్ట్‌జ్ అనే పాత మిత్రుడు దాన్ని మ్యూలర్‌కి పంపాడు, 1861లో చేతికందింది. యూరప్‌లో అందరూ ఆ పుస్తకం మీద వాదులాడుకుంటున్నారు. ఈయన వాదన జోలికి పోలేదు. ఇది నిజమైతే ఒక్క జాతి సమూహంలో అయినా పూర్తిగా సరిపోవాలి కదా, పెట్టి చూద్దాం అనుకున్నాడు. పీతలు, రొయ్యలు ఉన్న గుంపుని తీసుకున్నాడు.

ఆ గుంపులో అప్పటికి ఉన్న చిక్కేమిటంటే, పడవల అడుగున సున్నపు గుల్లల్లా అంటుకునే బార్నకిల్స్, చెరువుల్లో ఉండే సైక్లాప్స్ లాంటి చిన్న జీవులు గుడ్డులోంచి నాప్లీగా వస్తాయి. పీతల్లాంటి పెద్దవి చూస్తే నేరుగా జోయాగా వస్తున్నాయి. మరి వీటన్నిటికీ మూలం ఒకటే అయితే పెద్దవాటిలో ఆ మొదటి మెట్టు ఏమైంది? ఎక్కడైనా ఒక్కదానిలోనైనా మిగిలి ఉండాలి. మ్యూలర్ డెస్టెర్రో తీరంలో వల వేసి నీళ్ళలోని సూక్ష్మజీవుల్ని పట్టి, ఒకదాని పక్కన ఒకటి పేర్చి చూసుకుంటూ పోయాడు. రొయ్య జాతిలో ఆ మెట్టు దొరికింది. నాప్లీ, జోయా, మైసిస్, రొయ్య. మీ ట్యాంకుల మీద రాసుకునే పేర్లే, అదే వరుస.

దీన్నీ ఇలాంటివే మరికొన్నిటినీ కలిపి 1864లో ఒక చిన్న పుస్తకం రాశాడు, 'ఫ్యూర్ డార్విన్'. డార్విన్ పక్షాన అని అర్థం. డార్విన్‌కి జర్మన్ చదవడం చాలా కష్టం, అయినా కిందామీదా పడి చదివాడు. 1865 ఆగస్టులో మొదటి ఉత్తరం రాశాడు. 1869లో ఇంగ్లీషు అనువాదం వచ్చింది, ఖర్చు డార్విన్‌దే. 1882లో డార్విన్ పోయేదాకా పదిహేడేళ్ళు ఇద్దరి మధ్యా ఉత్తరాలు నడిచాయి. ఒక్కసారి కూడా కలుసుకోలేదు. పరిశీలకుల్లో రారాజు అని డార్విన్ ఈయన్ని అనేవాడట.

డల్లాస్ చిన్నోడు
అంటే ఇంటర్నెట్ లేని రోజుల్లో రిమోట్ వర్క్ అన్నమాట.

అపరాజిత
నేను సీతాకోకచిలుకల ఫొటోలు తీస్తుంటాను, నా వైపు నుంచి ఒకటి. మ్యూలర్ పేరు నిలబడింది రొయ్య వల్ల కాదు, చిలుకల వల్ల.

మా వీధి చివర ఖాళీ స్థలంలో జిల్లేడు గుబురు ఉంది. ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక వచ్చి ఆకు అడుగున ఒక్కో గుడ్డూ పెట్టి పోతుంది. నలుపు, పసుపు, తెలుపు చారల గొంగళిపురుగు ఆ పాల ఆకునే తిని పెరుగుతుంది. పాలలోని విషం చిలుక ఒంట్లోకీ వస్తుంది. తెలియని పిట్టపిల్ల ఒకసారి నోట పెట్టుకుని కక్కేస్తుంది, ఇక ఆ నారింజ రంగు జోలికి రాదు. నేను తీసిన ఫొటోల్లో రెక్క మీద పిట్ట ముక్కు ఆకారంలో త్రికోణంగా చిరిగినవి ఉన్నాయి. ఆ చిలుక మాత్రం హాయిగా పువ్వు మీద వాలి ఉంది! ఈ రకం చిలుకలకి ఒళ్ళు గట్టి, కొరికి వదిలేసినా బతుకుతాయి.

ఇప్పుడు డానాయిడ్ ఎగ్‌ఫ్లై అని ఇంకో చిలుక. దాంట్లో విషం లేదు, కానీ ఆడది అచ్చం ప్లెయిన్ టైగర్‌లా ఉంటుంది. వేషం వేసి తప్పించుకుంటోంది. ఇది అర్థమవుతుంది. అమెజాన్‌లో పదకొండేళ్ళు తిరిగిన బేట్స్ అనే ఇంగ్లీషు పరిశోధకుడు 1862లో చెప్పింది ఇదే. కానీ స్ట్రైప్డ్ టైగర్ కూడా నారింజ రంగే, దానికీ ఒంట్లో విషం ఉంది. బ్లూ టైగర్, డార్క్ బ్లూ టైగర్ పక్కపక్కన వాలితే నాకే ఒక్కోసారి తేడా తెలియదు, రెండూ చేదే. సొంతంగా ఆయుధం ఉన్నవాడు ఇంకొకడి వేషం ఎందుకు వెయ్యాలి? బేట్స్‌ని ఇది తికమక పెట్టింది. మ్యూలర్‌కి బ్రెజిల్‌లో ఇటునా, తిరిడియా అనే రెండు రకాలు కనపడ్డాయి. రెక్కలు అద్దంలా ఉంటాయి, వేరు వేరు వంశాలు, రెండూ పిట్టలకి చేదు. వాటి గురించి 1878, 79లలో రాసిందే ఇప్పుడు ముల్లేరియన్ మిమిక్రీ (మ్యూలర్ చెప్పిన అనుకరణ). దాంట్లో లెక్క ఉందంటారు, నాకు లెక్కలంటే చిన్నప్పట్నుంచీ భయం.

లెక్కల మాస్టారు (రిటైర్డ్)
అమ్మా అపరాజితా, భయం ఎందుకు? ఆయనా లెక్కల మాస్టారే, నేనూ లెక్కల మాస్టారినే. చూడండి.

మీ కాలనీలో రెండు వీధులు. చిన్న వీధిలో 2,000 మంది, పెద్ద వీధిలో 10,000 మంది. ఎవరి వినాయకుడి పందిరి వాళ్ళది. ఏ పందిరికైనా ఖర్చు 1,200. అంటే రెండు వీధులూ చెరో 1,200 పెట్టాలి. ఇద్దరూ కలిసి ఒకే పందిరి వేసుకుంటే? ఖర్చు ఒకే 1,200, మనిషికింత అని పంచుకుంటారు. చిన్న వీధి వాటా 200, పెద్ద వీధి వాటా 1,000.

ఇప్పుడు వీధి తీసి చిలుక జాతి అనుకోండి, ఖర్చు తీసి ప్రాణాలు అనుకోండి. వేసవిలో పిట్టపిల్లలకి "ఈ రంగు చేదు" అని తెలిసేలోగా 1,200 చిలుకలు చావాలి. రంగులు వేరైతే రెండు పాఠాలు, కాబట్టి రెండు జాతుల్లోనూ 1,200 చొప్పున పోతాయి. ఒకే రంగైతే ఒకే పాఠం. చిన్న జాతికి 1,000 ప్రాణాలు మిగిలాయి, అంటే దాని జనాభాలో సగం. పెద్ద జాతికి మిగిలింది 200, నూటికి రెండు. 50ని 2తో భాగిస్తే 25. జనాభాలు 1కి 5 నిష్పత్తిలో ఉంటే లాభం 25కి 1. వర్గాల విలోమం! పందిరి నాది గానీ ఈ అంకెలు నావి కావు, మ్యూలర్ తన వ్యాసంలో వేసుకున్న ఉదాహరణే ఇది. జీవపరిణామం గురించి మాటలతో కాకుండా బీజగణితంతో వాదించినవాళ్ళలో ఆయన మొదటివరసలో ఉంటాడు. పిల్లలకి నిష్పత్తులు చెప్పే రోజుల్లో ఇది తెలియకపోయిందే అని ఇప్పుడు బాధగా ఉంది.

డల్లాస్ చిన్నోడు
మాస్టారూ, పెద్ద వీధివాళ్ళు ఎందుకు ఒప్పుకుంటారు? నూటికి రెండు మిగులుతుందని పందిరి మార్చుకుంటారా?

లెక్కల మాస్టారు (రిటైర్డ్)
మంచి ప్రశ్న. మార్చుకోరు. పందిరి పెద్ద వీధిలోనే ఉంటుంది, చిన్న వీధివాళ్ళే నడిచి వస్తారు. అరుదుగా ఉండే జాతే ఎక్కువగా ఉన్నదాని పోలికకి జరుగుతుందని ఆ లెక్కలోనే ఉంది. రెండూ ఇంచుమించు సమానంగా ఉంటే ఎవరు ఎవరిని అనుకరించారో చెప్పడమే కష్టం.

నల్లమల
అంతా బాగానే ఉంది. ఒక మాట నేను అడగాలి. మొదటి పోస్టులో "రెండేళ్ళ కిందటే మొదలైన ఊరు" అన్నారు. అంతకుముందు అక్కడ ఏముంది? ఖాళీ అడవా?

బ్లూమెనౌ మొదలైంది 1850లో, పదిహేడు మంది జర్మన్లతో. ఆ ఇటజయి లోయ షోక్లెంగ్ అనే ఆదివాసులది. వేట, సేకరణ వాళ్ళ బతుకు. వలస ఊళ్ళు పెరిగేకొద్దీ వాళ్ళని తరమడానికి, చంపడానికి కూలి వేటగాళ్ళని పెట్టారు, వాళ్ళకి బుగ్రెయిరోలు అని ఒక పేరే ఉండేది. మిగిలినవాళ్ళు బయటివాళ్ళతో శాంతిగా కలిసింది 1914లో. ఆ లోయలోనే వాళ్ళకి మిగిలిన ముక్క మీద కేసు బ్రెజిల్ సుప్రీంకోర్టుదాకా వెళ్ళి, 2023 సెప్టెంబరులో వాళ్ళకి అనుకూలంగా తీర్పొచ్చింది. నేను అడవి ఊళ్ళలో పనిచేస్తాను, "వచ్చి అడవి కొట్టుకుని సేద్యం చేశాడు" అనే వాక్యం నాకు అంత తేలిగ్గా మింగుడు పడదు.

గోదారిగట్టు
ఒప్పుకుంటాను. గొడ్డలి పట్టాడని నేను కాస్త మురిపెంగానే రాశాను, ఆ చెట్టు ఎవరిదని అడగలేదు. కానీ అబద్ధపు ప్రమాణం చెయ్యనన్న మనిషిని ఈ ఒక్కదానితో కొట్టిపారెయ్యలేం కదా?

నల్లమల
కొట్టిపారెయ్యమనడం లేదు సార్. ఆయన్ని ఒక్కడినే బోనులో నిలబెట్టమనీ అనడం లేదు. చీమకీ చెట్టుకీ ఉన్న ఒప్పందం గురించి అంత శ్రద్ధగా చూసిన మనిషి కథ చెప్పేటప్పుడు, ఆ చెట్టు కింద ఉన్న మనుషుల్ని కూడా ఒక పేరాలో పెట్టమంటున్నాను. అంతే.

పీజీ రెండో సంవత్సరం
చీమకీ చెట్టుకీ ఒప్పందం ఏంటండీ?

నల్లమల
సెక్రోపియా అని అక్కడి చెట్టు. కాండం లోపల బోలుగా, వెదురులా గదులు గదులుగా ఉంటుంది. అజ్‌టెకా అనే చీమలు కాండం మీద పలచగా ఉన్న చోటు చూసి కన్నం పెట్టి లోపల కాపురం పెడతాయి. ఆకు కాడ మొదట్లో చెట్టే తెల్లటి చిన్న గింజల్లాంటివి తయారుచేసి పెడుతుంది, చీమలకి తిండి. బదులుగా ఆకు మీదికి ఏ పురుగొచ్చినా చీమలు ఊరుకోవు. ఆ గింజలకి ఇప్పటికీ మ్యూలర్ పేరే. నాకు ఆయన మీద కోపం ఉంటే ఇదంతా చదివేవాడినే కాదు.

డల్లాస్ చిన్నోడు
నల్లమల గారి పోస్టు చదివాక రాత్రి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. మేమూ వచ్చి ఇళ్ళు కట్టుకున్న నేల ఎవరిదో మేం ఏనాడూ అడగలేదు. సరే, అది వేరే థ్రెడ్.

1867 తర్వాత ఏమైందో చెప్పలేదు. మళ్ళీ బ్లూమెనౌకే వెళ్ళాడా?

గోదారిగట్టు
వెళ్ళాడు. డెస్టెర్రో పాఠశాల జెసూట్లనే కేథలిక్ ఫాదర్ల చేతికి పోయింది, ఈయనకి అక్కడ చోటు లేకుండా పోయింది. జర్మనీలో సువార్తతో పేచీ, ఇక్కడ ఫాదర్లతో పేచీ! బ్లూమెనౌలో మళ్ళీ ఇల్లు, తోట. ఆ మరుసటి ఏడే, 1868లో, బాన్ యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ప్రమాణం అడగకుండా.

ఈ కాలంలో చేసిన పని చాలా ఉంది. కుట్టని తేనెటీగలు, చెదలు, మగ చిలుకల రెక్కల మీద వాసన చిమ్మే పొలుసులు, సొంత పుప్పొడి పడితే కాయ కట్టని ఆర్కిడ్లు. చెట్ల కొమ్మల మీద పెరిగే ఒక రకం మొక్కల ఆకుల మధ్య దోసెడు వాననీళ్ళు నిలుస్తాయి. ఆ దోసెడు నీళ్ళలో మాత్రమే బతికే ఒక గుల్లజీవిని పట్టుకున్నాడు. పరిశీలనల్లో కూతురు రోజా సాయం చేసేది.

1880లో ఇటజయికి పెద్ద వరద వచ్చింది. ఇంట్లోకి నీళ్ళొచ్చాయి, ప్రాణాలతో బయటపడ్డాడు. ఆ కబురు ఇంగ్లండ్ చేరగానే పుస్తకాలు, పరికరాలు పోయి ఉంటే వాటి డబ్బు నేనిస్తానని డార్విన్ రాశాడు. మ్యూలర్ థాంక్స్ చెప్పి, అవసరం లేదన్నాడు.

1876 నుంచి రియో నేషనల్ మ్యూజియంలో సంచార పరిశోధకుడిగా జీతం వచ్చేది. ఉండేది బ్లూమెనౌలోనే, అడవులు తిరిగి చూసింది రాసి పంపడం పని. 1891లో కొత్త నిబంధన వచ్చింది, పరిశోధకులందరూ రియోకి వచ్చి ఉండాలని. అరవై తొమ్మిదేళ్ళ మనిషి. రానన్నాడు. ఉద్యోగం తీసేశారు.

డల్లాస్ చిన్నోడు
రిటర్న్ టు ఆఫీస్! మా కంపెనీ మెయిల్ కూడా గత నెలే వచ్చింది, మేమంతా నోరు మూసుకుని వెళ్తున్నాం. మొండితనం అని మొదట్లో అన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకోను. కాకపోతే ఇంత మొండితనం నాలో లేదని ఒప్పుకుంటున్నాను.

పీజీ రెండో సంవత్సరం
ఎప్పుడు పోయారు?

గోదారిగట్టు
1897 మే 21న, బ్లూమెనౌలోనే. ఆ ఊళ్ళో ఆయన పేరు మీద ఒక మ్యూజియం ఉంది. ఉత్తరాలు చదవాలనుకుంటే కేంబ్రిడ్జ్‌వాళ్ళు డార్విన్ ఉత్తరాలన్నీ నెట్‌లో ఉచితంగా పెట్టారు, మ్యూలర్ పేరు కొట్టి చూడండి. చాలావరకు ప్రశ్నలే. ఫలానా పువ్వు మీద ఏ పురుగు వాలింది, ఫలానా విత్తనం రంగు ఎందుకలా ఉంది, దొరికితే నాలుగు గింజలు పంపు. మొహమాటాలు తక్కువ.

అపరాజిత
రాజు గారూ, వచ్చే నెల కోరింగ మడ అడవులకి ఫొటోల కోసం వస్తున్నాం, నలుగురం. మీ హేచరీలో ఆ ఒంటికన్ను నాప్లీని ఒకసారి చూపిస్తారా? బ్లూ టైగర్లు ఎక్కడ గుంపుగా వాలతాయో మీకు నేను చూపిస్తాను, గిలిగిచ్చ పొదలు కనబడితే చాలు.

హేచరీ రాజు
తప్పకుండా రండి మేడం. కానీ పగలు వస్తే లాభం లేదు, మా ఓనరు గారు బయటివాళ్ళని సెక్షన్ లోపలికి రానివ్వరు, వైరస్ భయం. సాయంత్రం ల్యాబ్‌కి రండి, బీకర్‌లో బయటికి తెచ్చి చూపిస్తాను. చేతికి సెంటు, క్రీము ఏమీ రాసుకోకుండా రావాలి, అది మాత్రం ఖచ్చితం. లెక్కల మాస్టారిని కూడా తీసుకురండి. ఒక లీటరులో ఎన్ని ఉన్నాయో మేం ఎలా లెక్కపెడతామో చూస్తే ఆయనకి నచ్చుతుంది.

లెక్కల మాస్టారు (రిటైర్డ్)
మోకాళ్ళు సహకరిస్తే వస్తాను. లెక్కపెట్టే పద్ధతి ఇప్పుడే చెప్పకండి రాజు గారూ, నేను ఊహించి రేపు రాస్తాను.